నీడ తొట్టి

నా దగ్గర ఒక పాత నోటుబుక్కు ఉంది. అందులో ముప్పై ఒకటో పేజీలో ఒక పట్టిక. రెండు నిలువు వరుసలు, పన్నెండు అడ్డు వరుసలు. మొదటి నిలువు వరుసలో అంకెలు కిందికి పోయేకొద్దీ పెరుగుతాయి. రెండో వరుసలో పైనుంచి కిందిదాకా సున్నాలే. ఆ పన్నెండు సున్నాల్ని తొమ్మిదేళ్లుగా మోస్తున్నాను. సున్నాకు బరువేమిటని మీరు నవ్వొచ్చు. ఆ రోజుల్లో ఎవరైనా ఆ పేజీ చూసి నవ్వి ఉంటే నాకు మేలు జరిగేది. చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు.

నా పేరు చెప్పను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే ఈ సంగతి చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల ముందు నోరు విప్పే ధైర్యం ఉంటే ఇదంతా రాసే పని పడేది కాదు.

మాది సిరిసిల్ల. మాదీ నేతపని చేసుకునే ఇల్లే. నేను మాత్రం సాంచాల చప్పుడు నుంచి చదువు పట్టుకుని బయటపడ్డాను. మా వైపు మరమగ్గాన్ని సాంచా అంటారు. ఇంటర్ తరువాత చేపల పెంపకంలో డిప్లొమాలో చేరి, కరీంనగర్‌లో గది తీసుకుని ఉండేవాణ్ని. ఆదివారం ఆదివారం బస్సెక్కి ఇంటికి వచ్చేవాణ్ని. మా ఇంటికి నాలుగిళ్ల అవతల మల్లేశం ఉండేవాడు. నాకంటే పన్నెండేళ్లు పెద్ద. రక్తసంబంధం లేదు, అన్నా అని పిలిచేవాణ్ని.

మల్లేశం అద్దకం మనిషి. నూలును రంగులో ముంచడం ఆయన పని, అంతకు ముందు వాళ్ల నాన్న పని. ఇంటి వెనక వసారాలో వాళ్ల బాపు కట్టించిన సిమెంటు తొట్లు రెండు ఉండేవి. మల్లేశం ముంచిన ఎరుపు పదేళ్లు ఉతికినా వెలిసిపోదని ఊళ్లో పేరు. సాంచాల మీద తెల్ల పాలిస్టరు గుడ్డ నేయడం మొదలైన తరువాత అద్దకానికి నూలు ఇచ్చేవాళ్లు లేకుండా పోయారు. తొట్లు ఎండిపోయాయి. ఆయన కూడా కూలికి సాంచా నడపాల్సి వచ్చింది. ఆ పని ఆయనకు పడలేదు. నూలు పొట్టుకు రాత్రీ పగలూ దగ్గేవాడు.

ఆ తొట్లలో చేపలు పెంచుదామన్న ఆలోచన నాదే. ఇది ముందే ఒప్పుకుంటున్నాను, ఎందుకంటే తరువాత జరిగినదాన్ని ఎవరి మీదికీ తోసేయడానికి నాకు దారి ఉండకూడదు.

అప్పుడు నా ప్రాజెక్టు పని బంగారు చేపల మీద. గోల్డ్‌ఫిష్ అని అద్దాల పెట్టెల్లో పెంచుతారే, అవి. వాటి పిల్లలు పుట్టుకతో బంగారు రంగులో ఉండవు. బురద నలుపు రంగులో, మామూలు చెరువు చేపపిల్లల్లాగే ఉంటాయి. రెండు మూడు నెలల వయసులో ఆ నలుపు కరిగి, లోపలి ఎరుపు బయటపడుతుంది. కొన్నిటికి త్వరగా, కొన్నిటికి ఆలస్యంగా, కొన్నిటికి ఎప్పటికీ పడదు. ఎందుకు? నేను అప్పటికే నోటుబుక్కులో కారణాల జాబితా రాసుకున్నాను. వెలుతురు, నీటి వెచ్చదనం, తిండి, తల్లిదండ్రుల జాతి, తొట్టి అడుగు రంగు, రద్దీ. వెలుతురు కింద రెండు గీతలు గీశాను. ఎండ తగిలితే నలుపు త్వరగా కరుగుతుంది, పైగా నీళ్లు పచ్చబడి ఆ నాచు తిన్న పిల్లలకు ఎరుపు చిక్కబడుతుంది. ఇది నాకు తెలుసు. నిస్సందేహంగా తెలుసు. ఈ ఒప్పుకోలంతా ఆ తెలియడం గురించే.

మాఘమాసం చలిలో ఒక తల్లిచేప చేత గుడ్లు పెట్టించాం. గుడ్లు అంటుకోవడానికి నీటి మొక్కలు కావాలని నేనంటే, మల్లేశం ఇంట్లో పడి ఉన్న చిక్కునూలు తెచ్చి కుచ్చులు కట్టి తొట్టిలో వేలాడదీశాడు. మొక్కల వేళ్లకంటే బాగా అంటుకున్నాయి. అంతకు ముందే తొట్లకు సున్నం కొట్టి, నీళ్లు నింపి, మూడుసార్లు ఖాళీ చేశాడు. పిల్లలు ఈదడం మొదలుపెట్టాక సగం పిల్లల్ని సంచిలో పోసుకుని కరీంనగర్ తీసుకుపోయి మా శిక్షణ కేంద్రంలో నాకిచ్చిన తొట్టిలో వదిలాను. మిగతా సగం ఆయన దగ్గరే. తిండి రెండు చోట్లా ఒకటే, మొదట్లో గుడ్డలో వడగట్టిన పచ్చసొన, తరువాత పల్లిచెక్క, తవుడు. కరీంనగర్‌లో ఒక దుకాణం మల్లేశం దగ్గర రంగు తిరిగిన చేపపిల్లల్ని ఎన్నైనా తీసుకుంటానంది. నల్లవి మాత్రం వద్దంది.

ఇంతలో మా మాస్టారు నా ప్రాజెక్టు కాగితాలు చూసి పక్కన పడేశారు. “నీ తొట్టి ఎండలో ఉంది, పిల్లలు రంగు మారతాయంటావు. మారితే? నీడలో ఉన్నా మారేవేమో. పోల్చడానికి ఇంకో తొట్టి లేకుండా నువ్వు చెప్పేది కథ,” అన్నారు. ఆయన మాట న్యాయమే. కాని ఒక్కొక్కరికి ఒక్క తొట్టే. ఇంకోటి అడిగితే లేదన్నారు.

ఆ ఆదివారం సిరిసిల్ల వచ్చి మల్లేశం వెనక వసారాలోకి పోయాను. తొట్ల మీద తెల్లగుడ్డ. ముతక గుడ్డ, రెండు మడతలు, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి బిగించి ఉంది. గుడ్డ ఎత్తి చూస్తే లోపల నీళ్లు అద్దంలా ఉన్నాయి. నాచు లేదు. నల్ల పిల్లలు అడుగున గుంపుగా తిరుగుతున్నాయి.

“ఎండ తాకితె రంగు ఎలుస్తది తమ్మీ,” అన్నాడు మల్లేశం. “ఇప్పుడు లోపల రంగు పచ్చిగున్నది. మంచిగ పట్టెదాక నీడనే ఉంచాలె.”

నాకు వెంటనే అర్థమైంది. మా ఇంట్లో కూడా రంగులో ముంచిన నూలు చుట్టల్ని, అదే లడీల్ని, ఎప్పుడూ ఎండలో ఆరేయలేదు. నీడలోనే, గాలికి. పచ్చి రంగుకు ఎండ తగిలితే వెలిసిపోతుంది. అద్దకం మనిషి చేతికి పుట్టుకతో వచ్చే జాగ్రత్త అది. ఆయన ఆ చేపపిల్లల్ని నూలును చూసుకున్నట్టే చూసుకుంటున్నాడు. ఊళ్లో ఇంకెవరైనా అయితే తొట్లను అలాగే వదిలేసేవాళ్లు. ఏమీ పట్టించుకోనివాడి పిల్లలు చక్కగా ఎర్రబడి ఉండేవి.

అప్పుడు నేను చెప్పాలి. ఒక్క మాట. నిజానికి గుడ్డ పూర్తిగా తీసేయమని చెప్పడం కూడా తప్పే, మా వైపు ఎండలకు మధ్యాహ్నం నీళ్లు కాగిపోతాయి. నేను కూడా నా తొట్టి మీద మధ్యాహ్నం పూట తడక వేసేవాణ్ని. పొద్దున పూట తీసి, తరువాత కప్పమంటే చాలు. అంతే.

నేను చెప్పలేదు. నాకు అప్పుడు కలిగింది సంతోషం. దీన్ని దాచను. ఒకే గుడ్లు, ఒకే తిండి, ఒకే బావి నీళ్ల లాంటి నీళ్లు, తేడా వెలుతురొక్కటే. మా మాస్టారు అడిగిన రెండో తొట్టి, నేను అడుక్కున్నా దొరకనిది, ఇటుకలు పెట్టి బిగించి నా ముందు సిద్ధంగా ఉంది. చదువులో దాన్ని కంట్రోల్ అంటారు. “మంచిదే అన్నా,” అన్నాను. బస్సులో నోటుబుక్కు తీసి రాశాను: ‘రెండో తొట్టి. కప్పు: తెల్లగుడ్డ, రెండు మడతలు.’ పక్కన అంచులో ఇంకో మాట రాశాను. ‘మార్చవద్దు.’

ఆ మాట ఇప్పటికీ ఆ అంచులో ఉంది. చేతిరాత చాలా చక్కగా ఉంది.

పన్నెండు వారాలు అయ్యాక చెబుదామనుకున్నాను. నన్ను నేను అలా నమ్మించుకున్నాను. ప్రతి ఆదివారం వచ్చేవాణ్ని. చిన్న వలతో వంద పిల్లల్ని తీసి, పళ్లెంలో పోసి, రంగు మారినవాటిని లెక్కపెట్టేవాణ్ని. సున్నా. లక్ష్మి వదినె, మల్లేశం భార్య, “జర కూసోని చాయ్ తాగిపో తమ్మీ,” అనేది. తాగేవాణ్ని. నోట్లో చాయ్, చేతిలో పెన్సిల్. అక్కడ కరీంనగర్‌లో నా తొట్టిలో నాలుగో వారానికే మొదటి ఎరుపు కనబడింది. ఏడో వారానికి సగం దాటాయి. ఆ ఎరుపు చూసి నా కడుపు నిండేది. ఇక్కడి సున్నా చూసి కూడా నా కడుపు నిండేది. రెండూ ఒకేలా. ఒక మనిషికి ఇది ఎలా సాధ్యమని ఇప్పుడు నన్ను నేను అడుగుతాను. అప్పుడైతే అసలు ప్రశ్నే రాలేదు.

ఊళ్లోవాళ్లు ఊరుకోలేదు. మూలమీది హోటల్ దగ్గర మల్లేశాన్ని పట్టుకుని ఆడుకునేవాళ్లు. “ఏందే మల్లేశం, నూలుకేస్తివి, చీరలకేస్తివి, చాపలకెయ్యరాకపాయెనా రంగు? ఒక్కసారి ముంచి తియ్యరాదు?” అని. “నా చాపలు సిగ్గువడుతున్నయి బావా, బట్ట గప్పుకున్నయి గద,” అని ఆయన కూడా నవ్వేవాడు. మొదట్లో నవ్వేవాడు. తొమ్మిదో వారం వచ్చేసరికి హోటల్‌కు పోవడం మానేశాడు.

పదో ఆదివారం. ఎండలు మండిపోతున్నాయి. నేను లెక్క ముగించి సున్నా రాసుకుంటుంటే మల్లేశం తొట్టి పక్కన కూర్చున్నాడు.

“తమ్మీ, ఒక్క మాట సక్కగ చెప్పు. మీ కరీంనగర్ల ఉన్నయి ఎట్లున్నయి?”

“అంతంతే అన్నా. ఒకటో అరో.”

“ఒక్క తల్లి గుడ్లే గద.”

“ఆఁ.”

“మరి నాయి ఒక్కటన్న తిరగకపాయె. భీవండికెల్లి మా బామ్మర్ది కబురు వెట్టిండు. ఆడ సాంచ కాలీ ఉన్నదట, మిరుగం లోపట రమ్మంటుండు. నాకు పోబుద్ధయితలేదు. ఇయ్యి రంగు తిరుగుతయంటె పోను. నువ్వు సదువుకున్నోనివి. తిరుగుతయా?”

భీవండి మహారాష్ట్రలోని సాంచాల ఊరు; మిరుగం అంటే జూన్ మొదట్లో వచ్చే మృగశిర కార్తె. నా పట్టికకు ఇంకా రెండు వారాలు మిగిలి ఉన్నాయి. కాని నిజం చెప్పాలంటే అప్పటికి నన్ను ఆపింది పట్టిక కాదు. ఇప్పుడు గుడ్డ తియ్యమంటే, ఇన్ని వారాలు ఎందుకు చెప్పలేదని అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్నకు భయపడ్డాను. మొదట స్వార్థం, దాని మీద భయం. రెండో తప్పు మొదటి తప్పును కాపాడటానికి వచ్చింది.

“తొట్ల దోసమా?” అన్నాడు మల్లేశం.

అబద్ధం కోసం నేను వెతుక్కోనక్కరలేకుండా ఆయనే తెచ్చి నా చేతిలో పెట్టాడు.

“కావచ్చు అన్నా. పాత రంగు సిమెంట్ల పట్టుంటది.”

“మూడుసార్లు సున్నం కొట్టి కడిగిన గద.”

“అయినా ఉంటది.”

ఆయన తొట్టి గోడ మీద అరచేయి ఆనించాడు. “మా బాపు కట్టిచ్చిన తొట్లు,” అన్నాడు. వదినె చాయ్ తెచ్చింది. ఆ రోజు కూడా తాగాను.

మరుసటి ఆదివారం ఇంటికి రాలేదు. పరీక్షలని కబురు పంపాను. ఆ పై ఆదివారం వచ్చేసరికి వసారాలో తొట్లు లేవు. సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు కుప్పగా ఉన్నాయి. పెళ్లల విరిగిన అంచుల్లో లోతుగా పాత ఎరుపు, నీలం చారలు కనబడ్డాయి. సమ్మెటతో తనే పగలగొట్టాడని మా అమ్మ చెప్పింది. చేపపిల్లల్ని బిందెల్లో మోసుకుపోయి ఊరి చివర మక్కచేను బావిలో పోసి, రెండు రోజుల తరువాత భీవండి బస్సెక్కాడట.

నేను కరీంనగర్ తిరిగి వచ్చి పట్టిక పూర్తి చేశాను. పదకొండో వారం, సున్నా. పన్నెండో వారం, సున్నా. ఆ రెండూ నేను లెక్కపెట్టినవి కావు. లెక్కపెట్టడానికి తొట్టి లేదు, చేపలు లేవు. పెన్సిల్ మాత్రం ఉంది. మొదటి పది సున్నాలు పాపం అయితే, ఈ రెండూ దొంగతనం. మా మాస్టారు పట్టిక చూసి, “ఇప్పుడు ఇది శాస్త్రం,” అన్నారు. నీడ తొట్టిని అంత శ్రద్ధగా, ఒక్క రోజు కూడా కప్పు తీయకుండా కాపాడినందుకు అందరి ముందూ మెచ్చుకున్నారు. ఆ ప్రాజెక్టు కాగితాలే ఇంటర్వ్యూలో నాకు ఉద్యోగం తెచ్చిపెట్టాయి.

ఇక్కడితో అయిపోతే బహుశా ఎలాగో మరిచిపోయేవాణ్ని.

బతుకమ్మ పండుగకు నాలుగు రోజుల ముందు ఊరికి వచ్చాను. లక్ష్మి వదినె ఎదురొచ్చింది. “తమ్మీ, మక్కచేను బాయిల చూసినవా? మన చాపలు పండు మిరపకాయలోలె ఎర్రగైనయి,” అంది. నేను పోయి చూశాను. మెట్ల బావి, పైన ఏ నీడా లేదు. పచ్చటి నీళ్లు. వాటిలో ఎర్రగా, గుంపులు గుంపులుగా. నా తొట్టిలోవాటికంటే మంచి ఎరుపు. మల్లేశం ముంచిన ఎరుపు అంత చిక్కగా ఉందనిపించింది. నేను పదకొండు, పన్నెండు వారాల సున్నాలు రాసుకుంటున్న రోజుల్లోనే అవి ఇక్కడ రంగు తిరగడం మొదలుపెట్టి ఉంటాయి.

వదినె నాకోసం ఇంకో మాట దాచి ఉంచింది. మల్లేశం ఈ మధ్య వచ్చి బావి చూసి పోయాడట. “చూసి ఏమన్నడెరుకేనా? నా తొట్లిడిసినంక, నా చెయ్యి ఇడిసినంక రంగెక్కినయి. నా చెయ్యే మంచిది గాదు అన్నడు. ఊకె గదే అంటడు. అట్లుంటదా తమ్మీ? సదువుకున్నోనివి, చెప్పు.”

చూడండి, నాకు దొరికిన మూడో అవకాశం అది. అప్పటికి నా ప్రాజెక్టు అయిపోయింది, ఉద్యోగపు కాగితం చేతిలో ఉంది. పోగొట్టుకునేది ఏమీ లేదు. ఒక మనిషి తన చేతిని తాను తిట్టుకోవడం ఆగిపోయేది. ఆమె నా మొహంలోకి చూస్తూ నిలబడింది.

“ఏమో వదినె,” అన్నాను.

మంచిదే. కావచ్చు. ఏమో. తొమ్మిదేళ్లుగా నేను తిప్పితిప్పి చూసుకునే జాబితా ఇదే. మూడు మాటలు. మూడింటిలో ఏ ఒక్కటీ అబద్ధమని ఎవరూ నిలదీయలేరు. ‘ఒకటో అరో’ అన్నది తప్పిస్తే, అంత జాగ్రత్తగా మాట్లాడాను. నేను చదువుకున్న చదువు అక్కడ బాగా పనికొచ్చింది.

ఉద్యోగం మీద ఆదిలాబాద్ వచ్చాను. చేపలు పెంచుకునేవాళ్లకు పాఠాలు చెప్పడం నా పని. రెండేళ్ల కింద కరీంనగర్ బస్టాండులో మల్లేశం కనబడ్డాడు. వెంట్రుకల్లో దూది, తెల్లగా. చిన్నప్పుడు నేను చూసిన ఆయన గోళ్లు ఎప్పుడూ నీలంగానో ఎర్రగానో ఉండేవి. ఇప్పుడు అందరి గోళ్లలాగే ఉన్నాయి. పక్కనున్న తోటి పనివాడికి నన్ను చూపించి, “గీ తమ్ముడు నాకోసం శాన తిరిగిండు. ప్రతి ఐతారం అచ్చెటోడు. నా చెయ్యే కలిసిరాకపాయె,” అన్నాడు. నా భుజం తట్టాడు. దగ్గు వచ్చి మాట ఆగింది. నా బస్సు కదులుతోందని చెప్పి ఎక్కేశాను. అది నా బస్సు కాదు. తరువాతి స్టాపులో దిగి నడిచి వెనక్కి వచ్చాను, ఆయన పోయి ఉంటాడని లెక్క వేసుకుని.

పోయిన నెల పాఠంలో ఎప్పటిలాగే రంగుకు కారణాలు చెబుతున్నాను. వెలుతురు మొదటిది. నీడ తొట్టి అంకెలు బోర్డు మీద రాశాను, ఇన్నేళ్లుగా రాస్తున్నట్టే. నిర్మల్ నుంచి వచ్చిన ఒకాయన, బొమ్మలు చేసే ఇంటివాడు, చేయెత్తాడు. “మేం గూడ రంగేసిన బొమ్మల్ని ఎండల వెట్టం సార్. నేనైతె తొట్టి మీద బట్ట గప్పుదును. మీరు చెప్పకపోతె నాకెట్ల తెలుసు? గా నీడ తొట్టి ఎవలది సార్?”

“నాదే,” అన్నాను.

అది చెప్పిన తరువాత ఆ సున్నాలు ఇక మోయలేకపోయాను. ఇన్నేళ్లూ ఆ తొట్టి ఎవరిదో చెప్పకుండా నెట్టుకొచ్చాను. మొదటిసారి ఒకరు అడిగితే, దాన్ని కూడా మల్లేశం దగ్గర్నుంచి తీసేసుకున్నాను.

మల్లేశానికి ఎందుకు చెప్పవని మీరు అడుగుతారు. భీవండి చిరునామా నా దగ్గర ఉంది. చెబితే ఆయన చేయి ఆయనకు తిరిగి వస్తుంది, ఇది నిజం. కాని తొట్లు రావు. ఏ కారణమూ లేకుండా తన బాపు కట్టించిన తొట్లను తన చేత్తోనే పగలగొట్టుకున్నానని కూడా అప్పుడే తెలుస్తుంది. ఆయన మీద జాలితో ఆగుతున్నానా, నా మీద జాలితోనా? మొదటిదని రాయాలనుంది. రాస్తే ఇందులో ఇంకో అబద్ధం చేరుతుంది.

ఆ మొదటి ఆదివారం నేను చెప్పవలసినదాన్ని చాలాసార్లు లెక్కపెట్టాను. “అన్నా, పొద్దుగాల పదింటి దాకా గుడ్డ తియ్యి.” ఆరు మాటలు. ఇప్పుడు కాగితం మీద మొదటిసారి రాశాను.

మీకు ఇది రాయడానికి ముందు నోటుబుక్కు తీసి ముప్పై ఒకటో పేజీ తెరిచాను. చివరి రెండు సున్నాల్ని కొట్టేసి, ‘చూడలేదు’ అని రాశాను. రెండో వరుస పైన ‘నీడ తొట్టి’ అని ఉన్నచోట, ఆ మాట పక్కనే, ఇంకో రంగు సిరాతో రాశాను: ‘సిరిసిల్ల మల్లేశంది. ఆయనకు చెప్పలేదు.’